‘ఇలాంటివాళ్ళు’ అంటే ఎవరని అడిగారు

జూరీ సమన్లు, అంటే కేసు విని తీర్పు చెప్పే పన్నెండుమంది మామూలు పౌరుల్లో ఒకరిగా కూర్చోవడానికి రమ్మని కోర్టు పిలుపు, మార్చి మొదటి వారంలో వచ్చాయి. అంతకుముందు ఒకసారి వస్తే, అమ్మకు కంటి ఆపరేషన్ అని గుంటూరు వెళ్తూ వాయిదా వేయించుకున్నాను. ఈసారి సాకు దొరకలేదు. 2024 ఏప్రిల్ 8, సోమవారం పొద్దున, లాస్ ఏంజెలెస్ డౌన్‌టౌన్, 210 వెస్ట్ టెంపుల్ స్ట్రీట్.

అడ్రసు చూసి మా ఆయన, “ఇది ఓజే కోర్టు కదూ?” అన్నారు.

అదే. ఇప్పుడు దాన్ని క్లారా షార్ట్‌రిడ్జ్ ఫోల్ట్జ్ క్రిమినల్ జస్టిస్ సెంటర్ అంటున్నారు, కాలిఫోర్నియాలో మొట్టమొదటి మహిళా లాయరు పేరు మీద. 1995లో దాని తొమ్మిదో అంతస్తులో జడ్జి లాన్స్ ఈటో ముందు నల్లజాతి ఫుట్‌బాల్ ఆటగాడు ఓ.జె. సింప్సన్ మీద హత్య కేసు నడిచింది. ఆ ఏడాది ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకు ఆ బిల్డింగు సొంత ఇల్లంత తెలుసు, లోపల ఎప్పుడూ అడుగు పెట్టకపోయినా.

ఏప్రిల్ 8 అమావాస్య, పైగా సూర్యగ్రహణం. మర్నాడు ఉగాది. అమ్మ ఫోన్లో, “గ్రహణం పూట కోర్టు మెట్లెక్కడమేమిటే, రానని చెప్పలేవా?” అంది. ఈ దేశం పౌరసత్వం తీసుకున్నాక ఇది తప్పదమ్మా, పోకపోతే జరిమానా వేస్తారు అన్నాను. “సరే, ఇంటికి రాగానే తలకి పోసుకో” అంది. కొత్త సంవత్సరం పేరు క్రోధి అని కూడా గుర్తు చేసి పెట్టేసింది.

ముందు 1995 సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

నేను ఎం.ఎస్. చదవడానికి 1994 ఆగస్టులో యూనివర్సిటీ ఆఫ్ సదర్న్ కాలిఫోర్నియాకి వచ్చాను. సింప్సన్ ఫుట్‌బాల్ ఆడి, 1968లో హైస్‌మన్ ట్రోఫీ గెలిచింది ఆ యూనివర్సిటీ జట్టులో ఉండగానే. నేను దిగేసరికి అతని మాజీ భార్య నికోల్ బ్రౌన్, ఆమెకు తెలిసిన కుర్రాడు రాన్ గోల్డ్‌మన్ హత్యకు గురై రెండు నెలలు. సింప్సన్ ఉన్న తెల్ల బ్రాంకో బండి ముందు, పోలీసు కార్ల వరస వెనక, అలా ఫ్రీవే మీద మెల్లగా సాగిన ఊరేగింపును దాదాపు 9 కోట్ల 50 లక్షల మంది టీవీలో చూశారని చెప్పుకునేవారు. ఆ సాయంత్రం జరుగుతున్న బాస్కెట్‌బాల్ ఫైనల్స్ మ్యాచిని ఎన్‌బీసీ వాళ్ళు తెర మూలకు చిన్న డబ్బాలోకి నెట్టేశారట.

మా అపార్ట్‌మెంటులో నాకంటే ముందున్న అమ్మాయి వదిలేసి వెళ్ళిన పాత పత్రికల్లో టైమ్, న్యూస్‌వీక్ రెండూ ఉన్నాయి. రెండింటి అట్ట మీదా ఒకటే పోలీసు ఫోటో. టైమ్ మీద మాత్రం మొహం మరీ నల్లగా ఉంది. అచ్చులో ఇంకు ఎక్కువైందేమో అనుకున్నాను. కావాలనే ముదురు చేశారని, దాని మీద పెద్ద గొడవైందని తర్వాత తెలిసింది. తెలిశాక కూడా అందులో అంత గొడవ పడాల్సింది ఏముందో నాకు బోధపడలేదు. తెల్లబడే క్రీముల ప్రకటనలు చూసి పెరిగినదాన్ని. నలుపు చెడు అని ఒకరు నాకు పనిగట్టుకుని చెప్పాల్సిన అవసరమే లేదు, అది ఎప్పుడో లోపల ఉంది.

1995 అక్టోబర్ 3, పొద్దున 10 గంటలకు తీర్పు. క్యాంటీన్‌లో టీవీ కింద గుమిగూడాం. ‘నిర్దోషి’ అనగానే వడ్డించే చోట ఉన్న నల్లజాతి ఆడవాళ్ళు చేతులెత్తి కేకలు వేశారు. ఒకామె గరిటె పట్టుకునే ఏడ్చేసింది. బల్లల దగ్గరున్న తెల్ల విద్యార్థులు బిగుసుకుపోయారు. మేం ఆరుగురం ఇండియా వాళ్ళం. అటొకసారి, ఇటొకసారి చూసి, ఎవరి మొహం పెట్టుకోవాలా అని తేల్చుకుంటున్నాం. నేను తెల్లవాళ్ళ మొహం పెట్టుకున్నాను.

ఎందుకని ఎవరైనా అడిగి ఉంటే, “అంత సాక్ష్యం ఉంటే కూడానా!” అనేదాన్ని. నాకు తెలిసిన సాక్ష్యమంతా టీవీ చెప్పిందే. జూరీ వాళ్ళేమో 265 రోజులు హోటల్లో, కాపలాలో ఉన్నారు. చేతికి వచ్చే పేపర్లో కేసు వార్తలు కత్తిరించి ఇచ్చేవారు. మార్క్ ఫర్మన్ అనే డిటెక్టివ్ నల్లజాతి వాళ్ళను బూతుమాటతో పిలిచిన టేపులు మేం టీవీలో గంటల తరబడి విన్నాం, జూరీకి జడ్జి వినిపించనిచ్చింది రెండంటే రెండు ముక్కలు. జనం ఒక కేసు చూశారు, ఆ పన్నెండుమంది ఇంకో కేసు చూశారు. అందులో 9 మంది నల్లజాతివాళ్ళు, ఇద్దరు తెల్లవాళ్ళు, ఒకరు హిస్పానిక్. నాలుగు గంటలు కూడా పట్టకుండా తేల్చేశారు. ఆ లెక్కనే అన్ని ఛానెళ్ళూ వల్లించాయి. ఒక తెర మీద కేరింతలు కొట్టే నల్లవాళ్ళు, పక్క తెర మీద నోరు తెరిచిన తెల్లవాళ్ళు. ఈ ఊళ్ళో సగం ఉన్న మెక్సికన్లు, కొరియన్లు, ఫిలిపినోలు, మాలాంటివాళ్ళు ఏం అనుకున్నారో చూడ్డానికి కెమెరాలకు తీరిక లేకపోయింది.

ఇక 2024కు వస్తాను.

సెరిటోస్ నుంచి కారులో పోతే పార్కింగు తలనొప్పి. నార్వాక్ స్టేషన్లో కారు పెట్టి, సి లైన్‌లో వెళ్ళి, రోజా పార్క్స్ స్టేషన్లో ఎ లైన్ రైలెక్కాను. ఆ రైలు వాట్స్ మీదుగా, ఫ్లోరెన్స్ మీదుగా పోతుంది. 1965 అల్లర్లలో తగలబడింది ఆ వాట్స్. రోడ్నీ కింగ్ అనే నల్లజాతి మనిషిని కొట్టిన పోలీసులను వదిలేశారని 1992 ఏప్రిల్ 29న ఊరు మండినప్పుడు మొదట రాజుకుంది ఫ్లోరెన్స్ అవెన్యూ మీదే, ఇంకొంచెం పడమరగా. ఆ కేసును ఈ ఊళ్ళో పత్రికలు, టీవీలు నానా హంగామా చేశాయని సిమి వ్యాలీకి మార్చారు. అక్కడ పన్నెండుమందిలో ఒక్క నల్లజాతి మనిషి లేడు. ఆ అల్లర్లలో అరవైమందికి పైగా చచ్చిపోయారు, కొరియన్ల దుకాణాలే రెండు వేలకు పైగా దెబ్బతిన్నాయి. ముప్ఫై ఏళ్ళుగా ఈ కౌంటీలో ఉంటూ నేను ఆ స్టేషన్లలో ఒక్కసారీ దిగలేదు. “అక్కడ దిగొద్దు” అని వచ్చిన వారంలోనే సీనియర్లు చెప్పారు. నేను నా తర్వాత వచ్చినవాళ్ళకు చెప్పాను.

జూరీ హాల్లో మూడు గంటలు ఊరికే కూర్చోవడం. పదకొండు దాటాక జనం అద్దాల దగ్గరికి పోయి, ఎవరో తెచ్చిన నల్ల కళ్ళజోడు చేతులు మార్చుకుంటూ సగం కొరికిన సూర్యుణ్ణి చూశారు. నేను చూడలేదు, అమ్మ మాట.

పక్క కుర్చీలో ఒక నల్లజాతి పెద్దావిడ అల్లిక అల్లుతూ కూర్చుంది. రిటైరైన నర్సు. ఇండియాలో జూరీ ఉంటుందా అని అడిగింది. మా నాన్న జిల్లా కోర్టులో గుమాస్తా, ఆయన చెప్పిన నానావతి కేసు చెప్పాను. 1959లో బొంబాయిలో పార్సీ నౌకాదళ ఆఫీసరు భార్య ప్రియుణ్ణి, ఒక సింధీ వ్యాపారిని, కాల్చి చంపాడు. బ్లిట్జ్ పత్రిక ఆఫీసరును హీరోని చేసింది. పావలా పత్రిక రెండు రూపాయలకు అమ్ముడుపోయింది. జూరీ 8–1తో నిర్దోషి అంది, హైకోర్టు ఒప్పుకోక శిక్ష వేసింది. చివరికి 1964లో క్షమాభిక్ష పెట్టినప్పుడు, పార్సీలకు మేలు చేశారని సింధీలు అనకుండా, అదే సమయంలో ఒక సింధీ వ్యాపారికి కూడా క్షమాభిక్ష పెట్టారు. ఆ తర్వాత కొన్నేళ్ళకు మా దేశంలో జూరీయే పోయింది అన్నాను.

ఆవిడ నవ్వి, “అంటే మీకూ ఓజే ఉన్నాడన్నమాట” అంది. కాసేపాగి, “తొంభై అయిదు తీర్పు గురించి ఏమనుకున్నావని నన్ను అందరూ అడుగుతారు. తొంభై రెండు తీర్పు గురించి ఏమనుకున్నావని ఒక్కరూ అడగరు” అంది, అల్లిక మీంచి కళ్ళెత్తకుండా. ఏం చెప్పాలో తెలియక, మజ్జిగ తాగుతారా అని అడిగాను. (నిజంగానే సీసాలో మజ్జిగ ఉంది.)

మధ్యాహ్నం మా యాభైమందినీ ఒక కోర్టు గదికి పంపారు. ఇరవై రెండేళ్ళ నల్లజాతి కుర్రాడి మీద దోపిడీ కేసు. ఒక చిన్న కిరాణా దుకాణం. దుకాణదారు డెబ్భై దాటిన గుజరాతీ. కుర్రాడు డబ్బు కట్టకుండా సరుకు పట్టుకుపోతూ పెద్దాయన్ని తోసేశాడని ఆరోపణ. ఇక్కడ చట్టం ప్రకారం దొంగతనం చిన్నదే అయినా, పారిపోయేటప్పుడు బలప్రయోగం చేస్తే అది దోపిడీ. ఏళ్ళ తరబడి జైలు. కుర్రాడికి చొక్కా కొత్తది, కాలరు దగ్గర మడత పోలేదు.

జడ్జిగారు ఒకావిడ. కేసు గురించి ఎక్కడైనా చదివారా, వీడియో ఏమైనా చూశారా అని అడిగారు. ఎవరూ చెయ్యెత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ దుకాణం పేరే నేను వినలేదు.

మర్నాడు ఉగాది. నాలుగింటికే లేచి పచ్చడి చేసి, వేప పువ్వు దొరక్క మెంతులు కాసిని వేసి, దేవుడి దగ్గర పెట్టి రైలెక్కాను. ఆ రోజంతా ప్రశ్నలే. జూరీని ఏరడానికి వేసే ఈ ప్రశ్నల్ని ‘వ్వార్ డీర్’ అంటారు. సింప్సన్ కేసులో జూరీకి పెట్టిన ప్రశ్నపత్రంలో 294 ప్రశ్నలున్నాయట. మాకు కాగితం మీద ఒక పేజీ, మిగతావి నోటితో. ఏం పని, ఇంట్లో ఎవరెవరు, పోలీసుల్లో చుట్టాలున్నారా, ఎప్పుడైనా నేరానికి గురయ్యారా.

డిఫెన్స్ లాయరు, ప్రభుత్వం ఇచ్చిన లాయరే, చిన్న వయసు అమ్మాయి, నా దగ్గర ఆగింది. “నేరం రుజువయ్యేదాకా మనిషి నిర్దోషి. ఈ మాట మీరు మనస్ఫూర్తిగా నమ్ముతారా?”

నమ్ముతానని చెప్పబోయాను. 2019 డిసెంబర్ 6 గుర్తొచ్చింది. షాద్‌నగర్ దగ్గర నలుగురు నిందితులను పోలీసులు కాల్చేసిన రోజు. జనం పోలీసుల మీద పూలు చల్లిన వీడియో మా గ్రూపులో వస్తే, దణ్ణం బొమ్మలు మూడు పెట్టాను. కోర్టు మెట్లెక్కని నలుగురు. తర్వాత సుప్రీంకోర్టు వేసిన కమిషన్, చంపాలనే కాల్చారని 2022లో తేల్చింది. అప్పటికి గ్రూపులో ఆ మాటెత్తినవాళ్ళు లేరు.

“నమ్మడానికి ప్రయత్నిస్తాను” అన్నాను. ఆ అమ్మాయి నా వైపు ఒక క్షణం ఎక్కువ చూసింది.

తర్వాత ప్రాసిక్యూటర్ అడిగాడు. “జాతి కారణంగా మీకు తెలిసినవాళ్ళకు ఎవరికైనా హాని జరిగిందా?” నాకు పరిచయం లేదు కానీ, 2017లో కేన్సస్‌లో శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపినప్పుడు నెలరోజులు మా ఇంట్లో ఎవరం సరిగ్గా నిద్రపోలేదని చెప్పాను. “మా దేశం నుంచి పొండి” అని అరిచి కాల్చాడు. ఆ హంతకుడు నేరం ఒప్పుకోవడంతో అక్కడ జూరీ దాకా రాలేదు. చెబుతుంటే నా గొంతు కొంచెం వణికింది. ప్రాసిక్యూటర్ తల ఊపాడు. బాధితుల పక్షం మనిషి అనుకుని ఉంటాడు. నేనూ నన్ను అలాగే అనుకునేదాన్ని.

నర్సు పెద్దావిడ వంతు వచ్చింది. తన కొడుకును పోలీసులు ఎన్నిసార్లు రోడ్డు మీద ఆపారో లెక్కపెట్టడం మానేశానని, పోలీసులంటే తనకు పెద్ద నమ్మకం లేదని, అయినా చెప్పింది విని తేలుస్తానని అంది. కాసేపటికి ప్రాసిక్యూటర్ లేచి ఆవిడ నంబరు చెప్పి “థాంక్స్ చెప్పి పంపిస్తున్నాం” అన్నాడు. డిఫెన్స్ అభ్యంతరం అంది. మమ్మల్నందర్నీ బయటికి పంపారు. ఇరవై నిమిషాలు వరండాలో నిలబడ్డాం. తిరిగి వెళ్ళేసరికి ఆవిడ కుర్చీ ఆవిడకే ఉంది. ఎందుకో మాకు చెప్పలేదు. తర్వాత ఇంటికెళ్ళి చదువుకుంటే తెలిసింది. కారణం చెప్పకుండా జూరర్లను తీసేసే హక్కు లాయర్లకు ఉంది. ఇలాంటి కేసుల్లో చెరో పదిమందిని తీసేయొచ్చు. జాతిని బట్టి తీయకూడదని 1986లోనే ఇక్కడి సుప్రీంకోర్టు బాట్సన్ కేసులో చెప్పింది. కానీ లాయర్లు ఏదో ఒక కారణం చూపించి పని కానిచ్చేవారు. 2022 నుంచి కాలిఫోర్నియాలో కొత్త చట్టం. పోలీసుల మీద నమ్మకం లేదన్న కారణం చూపిస్తే అది చెల్లదనే జడ్జి మొదట అనుకోవాలి. ఎందుకంటే ఈ ఊళ్ళో ఆ అపనమ్మకం ఎవరికి ఎక్కువ ఉంటుందో అందరికీ తెలుసు.

ఆ సాయంత్రానికి నేను తొమ్మిదో నంబరు. ఉగాది రోజు కోర్టులో ప్రమాణం చేశాను. రాత్రి మిగిలిన పచ్చడి తింటుంటే మా ఆయన, “కేసేమిటి?” అన్నారు. చెప్పకూడదు అన్నాను. ముప్ఫై ఏళ్ళలో ఆయనకు చెప్పకుండా దాచిన మొదటి విషయం, ఏదో చీర కొన్నట్టు కాదు.

బుధవారం దుకాణదారు సాక్ష్యం. గుజరాతీ దుభాషిని పెట్టారు. పెద్దాయన చేతులు జోడించి కూర్చున్నాడు. మా పెదనాన్నలా ఉన్నాడు. అది మనసులోకి రాకుండా చూడ్డానికి నేను పడ్డ పాట్లు ఇంతా అంతా కాదు. జడ్జిగారు ప్రతి విరామానికీ అదే చెప్పారు. ఎవరితో మాట్లాడొద్దు, గూగుల్‌లో వెతకొద్దు, వార్తలు చూడొద్దు, సోషల్ మీడియా వద్దు. అన్నం ముందు మంత్రంలా.

గురువారం, ఏప్రిల్ 11. పొద్దున మెట్రోలో ఎదుటి మనిషి ఫోన్లో సింప్సన్ మొహం. ముందురోజే చనిపోయాడు. కోర్టు బయట ఒక టీవీ వ్యాను అప్పుడే పైకి కర్ర లేపుతోంది. వరండాలో మా జూరర్లు గుసగుసలు. జడ్జిగారు కూర్చోగానే, “ఈ బిల్డింగులో జరిగిన ఒక పాత కేసు గురించి ఈ రోజంతా ఊరు మాట్లాడుతుంది. మీరు దాన్ని మన గదిలోకి తీసుకురాకండి” అన్నారు. నర్సు పెద్దావిడ నన్ను చూసి కనుబొమ్మ ఎత్తింది. అందరూ మళ్ళీ అడగబోతున్నారు కదా.

పదింటికి దుకాణం సీసీ కెమెరా వీడియో వేశారు. పైనుంచి తీసింది, శబ్దం లేదు. నాలుగు నిమిషాలు. కౌంటరు, చిప్స్ ప్యాకెట్ల అర, లాటరీ బోర్డు. కౌంటరు పైన దారానికి గుచ్చిన నిమ్మకాయా, పచ్చిమిరపకాయలూ.

ఆ నిమ్మకాయ చూడగానే నా వీపు చల్లబడింది.

నేను దీన్ని చూశాను. వేరే మూల నుంచి, ఎవరో ఫోన్లో తీసిన ముక్క, అర నిమిషం కూడా ఉండదు. కిందటి వేసవిలో మా తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. కుర్రాడు తోస్తాడు, పెద్దాయన చిప్స్ అర మీద పడతాడు, నిమ్మకాయ ఊగుతుంది, అయిపోయింది. పంపింది మేమంతా అక్కా అని పిలిచే పెద్దావిడ. ‘మనవాళ్ళ షాపు మీద పడ్డారు. అందరికీ పంపండి’ అని పైన రాసి ఉంది. “పాపం, దిష్టి తీసుకున్నా లాభం లేకపోయింది” అని ఎవరో అన్నారు. నేనూ ఏదో రాశాను. ఏం రాశానో కూడా గుర్తొచ్చింది.

ఇప్పుడు తెర మీద ఉన్నది మొదటినుంచీ ఉంది. కుర్రాడు జేబులు తడుముకుంటూ కౌంటరు దగ్గర ఏదో మాట్లాడుతున్నాడు. చేతిలో రెండు డబ్బాలు. తల అడ్డంగా ఊపి, తిరిగి తలుపు వైపు నడుస్తున్నాడు, డబ్బాలు చేతిలోనే ఉన్నాయి. పెద్దాయన కౌంటరు చుట్టూ తిరిగి వచ్చి, వెనకనుంచి అతని వీపు సంచి పట్టుకుని గట్టిగా లాగాడు. కుర్రాడు వెనక్కి పడబోయి, తిరిగి, తోశాడు. మా గ్రూపులోకి వచ్చిన ముక్క ఆ తోపు దగ్గర మొదలవుతుంది.

అది తప్పో ఒప్పో, దోపిడీయో కాదో నేనిక్కడ చెప్పను, చెప్పే హక్కు కూడా లేదు. కానీ రోడ్నీ కింగ్ వీడియో గుర్తొచ్చింది. దాని మొదటి కొన్ని సెకన్లు, కింగ్ పోలీసుల వైపు దూసుకొచ్చినట్టున్నవి, టీవీల్లో చాలాచోట్ల కోసేశారు. సిమి వ్యాలీ జూరీకి మాత్రం మొత్తం చూపించారు, ఒక్కో ఫ్రేము ఆపి ఆపి. లటాషా హార్లిన్స్ కూడా గుర్తొచ్చింది. 1991 మార్చిలో, కింగ్‌ను కొట్టిన పదమూడు రోజులకు, 1.79 డాలర్ల ఆరెంజ్ జ్యూస్ సీసా దొంగిలిస్తోందని అనుమానించి కొరియన్ దుకాణదారు ఆ పదిహేనేళ్ళ పిల్లను పట్టుకుంది. సంచి పట్టుకుని లాగడం, పెనుగులాట, చివరికి వెనకనుంచి తలలోకి తూటా. ఆ దుకాణం వీడియో కూడా టీవీల్లో తెగ తిప్పారు. జూరీ దోషి అంటే జడ్జి ఒక్క రోజు జైలు వేయకుండా ప్రొబేషన్‌తో పంపింది. నల్లవాళ్ళూ కొరియన్లూ అనే కథ ఆ వీడియోతో పక్కాగా స్థిరపడింది. ఇక్కడ కొరియన్ బదులు మనవాడు. అంతే తేడా.

విరామం ఇచ్చారు. బాత్రూములో ఫోను తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాను. గ్రూపులో వెతికితే రెండు నిమిషాల్లో దొరుకుతుంది, అదో కాదో తేలిపోతుంది. వెతకడమే నేరం. ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది అని కూడా అనుకున్నాను, అబద్ధమెందుకు. బయటికొచ్చి, కోర్టు గది కాపలా చూసే బెయిలిఫ్‌ను కాగితం అడిగి, ‘ఈ సంఘటన వీడియో ఒకటి నేను ఇదివరకు చూశాను’ అని రాసి ఇచ్చాను. చెయ్యి వణికి అక్షరాలు కోడి గీతల్లా వచ్చాయి.

మిగతా పదకొండుమందినీ బయటే ఉంచి నన్నొక్కదాన్నే పిలిచారు. నా కుర్చీలోనే కూర్చోమన్నారు. లాయర్లు, టైపు చేసే ఆవిడ, ఆ కుర్రాడు. వెనక బెంచీలో అతని తల్లి కాబోలు.

ఎక్కడ చూశారు, ఎప్పుడు, ఎవరు పంపారు. చెప్పాను. సోమవారం అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు అంటే, గుర్తు లేదన్నాను. అది నిజం. రోజుకు అలాంటివి పది వస్తాయి.

“మీరు దానికి ఏమైనా జవాబు రాశారా?” జడ్జిగారు.

“రాశాను. తెలుగులో.”

“ఇంగ్లీషులో చెప్పగలరా?”

‘ఇలాంటివాళ్ళను వదలకూడదు.’ ఇంతే నేను రాసింది. మూడు సెకన్ల పని. దాన్ని ఇంగ్లీషులోకి మార్చడానికి ఆ గదిలో నాకు ఎంతసేపు పట్టిందో తెలియదు. ‘వదలకూడదు’ తేలిగ్గానే వచ్చింది. ఆ మొదటి మాట దగ్గర ఆగిపోయాను. ఏదో ఒకటి చెప్పాను.

డిఫెన్స్ అమ్మాయి జడ్జిగారి అనుమతి తీసుకుని లేచింది. గొంతులో కోపం లేదు. “ఇలాంటివాళ్ళు అంటే ఎవరు?”

దొంగలు అనొచ్చు. ముసలివాళ్ళను తోసేవాళ్ళు అనొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ మా ఇంట్లో, మా కార్లలో, మా పాట్‌లక్కుల్లో ఆ మాట ఎవరికి వాడతామో నాకు తెలుసు. ‘నల్లోళ్ళు’ అని పైకి అంటే పిల్లలు కోప్పడతారని, పిల్లల ముందు ఇలాంటివాళ్ళు, అలాంటి ఏరియా, ఆ టైపు జనం అంటాం. పిల్లలకు తెలుగు రాకపోయినా అది మాత్రం అర్థమవుతుంది.

“నల్లజాతివాళ్ళు” అన్నాను.

టైపు చప్పుడు వినిపించింది, ఆగింది. కుర్రాడు పసుపు కాగితాల పుస్తకం మీద ఏదో గీస్తున్నాడు, తలెత్తలేదు. అతని తల్లి మాత్రం నా వైపే చూస్తోంది. ఆవిడ మొహంలో ఆశ్చర్యం లేదు. తిట్టినా బాగుండేది.

జడ్జిగారు నిజం చెప్పినందుకు థాంక్స్ చెప్పి నన్ను పంపించేశారు. అదనంగా కూర్చోబెట్టిన ఇద్దరిలో ఒకరు నా కుర్చీలోకి వస్తారు. వెళ్తుంటే వరండాలో నర్సు పెద్దావిడ అల్లిక ఆపి, ఏమైందన్నట్టు చూసింది. ఆవిడతో మాట్లాడకూడదు. చెయ్యి ఊపి లిఫ్టు ఎక్కేశాను.

కింద టీవీ వాళ్ళు దారినపోయే వాళ్ళను ఆపి అడుగుతున్నారు. మైకు పట్టుకున్న కుర్రాడు 1995కి పుట్టి ఉండడు. అతను తెల్లాయన్ని ఒకర్ని, నల్లజాతి ఆయన్ని ఒకర్ని ఆపాడు. నేను పక్కనుంచే వెళ్ళాను, నన్ను ఆపలేదు.

రైల్లో ఫోను ఆన్ చేస్తే గ్రూపులో 87 మెసేజులు. సగం ఉగాది శుభాకాంక్షలు, సగం సింప్సన్. “చేసిన పాపం ఊరికే పోదు”, “జూరీలో వాళ్ళే ఉంటే ఇంకేం తీర్పు వస్తుంది?” అని. ఆ తర్వాత 1997లో శాంటా మోనికా సివిల్ కోర్టులో, కెమెరాలు లేకుండా, ఎక్కువగా తెల్లవాళ్ళే ఉన్న జూరీ, 3 కోట్ల 35 లక్షల డాలర్లు కట్టమంది కదా, అప్పుడు జూరీలో ఎవరున్నారని ఎవరైనా లెక్క చూశారా అని అడగబోయి, టైపు చేసి, చెరిపేశాను. ఆ రోజుకి నా నోటితో ఇంగ్లీషులో చెప్పింది చాలు అనిపించింది.

రాత్రి మా ఆయనకు మొత్తం చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఆ మాట నేనూ అంటాను కదూ” అన్నారు. అంటారు అన్నాను.

మే చివర్లో చెక్కు వచ్చింది. మొదటి రోజుకు డబ్బుండదు, తర్వాతి రోజులకు రోజుకు 15 డాలర్లు, మూడు రోజులకు 45, పైన దారి ఖర్చులు కాస్త. ఆ కాగితం చేతిలో పట్టుకునే కోర్టు క్లర్కుకు ఫోన్ చేశాను. కేసు అయిపోయింది, వివరం బహిరంగమే అన్నాడు. దోపిడీ నేరం మీద నిర్దోషి. చిన్న దొంగతనం మీద దోషి. పన్నెండుమందీ ఏకగ్రీవంగా.

గ్రూపులో ఆ వార్త ఎవరూ పెట్టలేదు, ఎవరికి తెలుసు గనక. నేనే రాశాను. కిందటేడు వేసవిలో మనం చూసిన ఆ షాపు వీడియో, దానికి ముందు ఏం జరిగింది, జూరీ ఏం తేల్చింది, నేను అప్పుడు ఏం రాశాను, అన్నీ, తెలుగులోనే, కాస్త పొడుగ్గా. రెండు బొటనవేళ్ళు వచ్చాయి. సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

“చదివానమ్మా. ఇంతకీ ఏ వీడియో అది?”